వుదాంగ్ కొండ కింద ఊపిరి వినడం నేర్చుకున్నాను: నా అనుభవం

చైనావారి ప్రాచీన ఆధ్యాత్మిక సంప్రదాయమైన తావో మార్గంలో శ్వాసధ్యానం గురించి చదవాలనుకునేవారికి పుస్తకాలకు కొదవలేదు గానీ, మొదటి వారంలో మోకాళ్లు ఏమవుతాయి, ఎంత ఖర్చవుతుంది, రాత్రిపూట గదిలో ఎంత చలి ఉంటుంది, చైనా భాష అంతంతమాత్రంగా వచ్చినవారు ఎలా నెట్టుకురావాలి అన్న సంగతులు వాటిలో కనిపించవు. 2024 నవంబరులో చైనాలోని హుబెయ్ రాష్ట్రంలో, వుదాంగ్ కొండల పాదాన ఉన్న ఒక చిన్న శిక్షణశాలలో నేను నేర్చుకున్నదీ, ఆ తరువాత షాంఘైలో మా ఇంట్లో కొనసాగించినదీ జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లుగా షాంఘైలో ఉంటున్నాను. 2023 చివరి నుంచి తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి, మళ్లీ నిద్ర పట్టని పరిస్థితి ఏర్పడింది. పరీక్షలన్నీ చేయించాను, అన్నీ సరిగానే ఉన్నాయి. వయసుతో వచ్చే మార్పులేనని, కొంతకాలం పట్టవచ్చని డాక్టరు చెప్పారు. చిన్నప్పుడు రాజమండ్రిలో మా నాన్నగారు నేర్పిన ప్రాణాయామం మళ్లీ మొదలుపెట్టాను గానీ, కుంభకం దగ్గరకు వచ్చేసరికి గుండె దడదడలాడేది, దాంతో ఊపిరి బిగబట్టే అభ్యాసాలు కొంతకాలం మానమని ఆ డాక్టరే సలహా ఇచ్చారు. అటువంటి సమయంలో నాతో పనిచేసే ఒక చైనా మిత్రురాలు చెన్ యింగ్నింగ్ అనే తావో పండితుని గురించి చెప్పింది. 1880లో పుట్టి 1969లో మరణించిన ఆయన చైనా తావో సంఘానికి అధ్యక్షుడిగా కూడా ఉన్నారు; నరాల బలహీనతతో, నిద్రలేమితో బాధపడేవారికి 1950లలో ఊపిరిని వినే పద్ధతి ఒకటి నేర్పించారు. బిగబట్టడం లేదు, లెక్కప్రకారం పీల్చడం వదలడం లేదు, కూర్చుని వినడమే అని తెలిసినప్పుడు నాకు చాలా ఊరట కలిగింది, దాన్ని తెలిసినవారి దగ్గరే నేర్చుకోవాలన్న పట్టుదల కూడా వచ్చింది.

ఆగస్టు రెండో వారంలో శిక్షణశాలకు రాశాను. జవాబు రావడానికి పది రోజులకు పైనే పట్టింది, ఆ జవాబు నిండా ప్రశ్నలే ఉన్నాయి: రక్తపోటు ఉందా, మానసిక చికిత్సకు మందులేమైనా వాడుతున్నారా, ఈ మధ్య శస్త్రచికిత్స జరిగిందా, ఇంతకు ముందు ఏ ధ్యానం చేశారు, ఎంతకాలం చేశారు. నేను నిజం నిజంగా రాసి పంపిన తరువాత నవంబరు 2 నుంచి 16 వరకు చోటు ఉందని చెప్పి, వెయ్యి యువాన్లు ముందుగా కట్టమన్నారు. యువాను అప్పట్లో మన డబ్బులో దాదాపు పన్నెండు రూపాయలు. శిక్షణకు మొత్తం 3,200, గదికీ భోజనానికీ 1,800 అని కుదిరింది. ఇంగ్లీషు వచ్చిన సహాయకుడు ఆ నెలలో ఉండడని కూడా అదే ఉత్తరంలో తెలిపారు, అది నన్ను కలవరపెట్టింది, ఎందుకంటే బజారులో బేరమాడేంత చైనా భాష నాకు వచ్చు గానీ, ఊపిరి గురించి, నాభి గురించి, మనసు గురించి గురువు చెప్పే మాటలు పట్టుకునేంత రాదు. ఇక్కడి తెలుగువాళ్ల వీచాట్ బృందంలో అడిగితే, వుదాంగ్‌కు దగ్గరలోని షియాన్ నగరంలో వైద్యవిద్య చదువుతున్న నరసరావుపేట అమ్మాయి ఒకరు శని, ఆదివారాల్లో వస్తానన్నారు. ఎంత బతిమాలినా డబ్బు తీసుకోలేదు. అమ్మ పంపిన ఆవకాయ సీసా మాత్రం ఆనందంగా తీసుకుంది.

దీపావళి మరునాడు, నవంబరు 1న బయలుదేరాను. షాంఘై నుంచి రైల్లో వుహాన్ నగరంలోని హాన్‌కౌ స్టేషన్, అక్కడ మారి వుదాంగ్‌షాన్ పశ్చిమ స్టేషన్. విదేశీయుల పాస్‌పోర్టులను చాలాచోట్ల యంత్రం గేటు తీసుకోదు కాబట్టి మనిషి ఉన్న వరుసలో నిలబడాలి. రైలు మారడానికి కనీసం గంట వ్యవధి పెట్టుకోవడం మంచిది. కొండ కింది లావోయింగ్ పట్టణం చేరేసరికి చీకటి పడింది. చైనాలో విదేశీయులు ఎక్కడ దిగినా ఇరవైనాలుగు గంటల్లోగా పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి, హోటలయితే వాళ్లే చేస్తారు, ఇటువంటి చిన్న వసతిలో దిగితే మనమే చేయించుకోవాలి. మరునాడు మధ్యాహ్నం శిక్షణశాల మనిషి నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు, గంటన్నర కూర్చోవలసి వచ్చింది. పాస్‌పోర్టు, నివాస అనుమతి రెండింటి నకళ్లు ముందే తీసి పెట్టుకున్నందువల్ల రెండోసారి తిరగవలసిన పని పడలేదు.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది చలి. ప్రభుత్వం చలికాలంలో ఇళ్లకు వేడి సరఫరా చేసేది ఉత్తర చైనాలోనే, హుబెయ్‌కు అది లేదు. కొండగాలికి తెల్లవారుజామున గది లోపల కూడా నోట్లోంచి ఆవిరి వచ్చేది. మంచానికి కరెంటు దుప్పటి ఇచ్చారు, హీటరు కావాలంటే రోజుకు పది యువాన్లు అదనం. ఉన్ని సాక్సులు, మెడకు చుట్టుకునే ఉన్ని గుడ్డ, మోకాళ్ల మీద కప్పుకోవడానికి ఒక మందపాటి శాలువా తప్పనిసరిగా తీసుకెళ్లాలని ఇప్పుడు అడిగినవారందరికీ చెబుతున్నాను. ధ్యానంలో ఒళ్లు వదులయినప్పుడు మోకాళ్లకూ మెడ వెనుకకూ గాలి తగలకూడదన్నది అక్కడ ఎంతో ఖచ్చితంగా పాటించే నియమం. గురువుగారు మొదట చూసింది నేను కూర్చున్న తీరును కాదు, నా మెడ చుట్టూ గుడ్డ ఉందా లేదా అని.

గురువుగారు యాభై దాటినవారు. జుట్టును నడినెత్తిన ముడివేసి చెక్కపుల్ల గుచ్చుకుంటారు, నీలిరంగు దూది అంగీ వేసుకుంటారు, చిన్న వయసులోనే కొండ మీది ఆలయంలో దీక్ష తీసుకున్నారట. మాతో పాటు వుహాన్ నుంచి వచ్చిన దంపతులు, ఒక జర్మన్ యువకుడు, పదవీ విరమణ చేసిన ఒక బడిపంతులుగారు ఉన్నారు. మొదటి ఉదయం ఆరింటికి చెక్కగచ్చు గదిలో కూర్చున్నాం. గుండ్రటి గడ్డిచాప మీద నాకు దుప్పటి నాలుగు మడతలు వేసి ఎత్తు పెంచారు, తుంటి మోకాళ్ల కంటే పైన ఉంటే నడుము దానంతట అదే నిలబడుతుందని. నేను అలవాటుగా అర్ధపద్మాసనం వేయబోతే వద్దన్నారు.

“అక్కా, గురువుగారు ఏమంటున్నారంటే, కాలి మీద కాలు వేయాల్సిన పని లేదంట, మఠం వేసుకుని కూర్చుంటే చాలంట, అదీ నొప్పి అనిపిస్తే కుర్చీలో కూర్చోమంటున్నారు” అని ఆ నరసరావుపేట అమ్మాయి చెప్పింది.

చేతుల అమరిక మాత్రం చాలా శ్రద్ధగా నేర్పించారు. ఎడమచేతి బొటనవేలి కొనను మధ్యవేలి కొనకు తాకించి ఒక వలయం చేయాలి. కుడి బొటనవేలిని ఆ వలయంలోకి పోనిచ్చి ఎడమ ఉంగరపు వేలి మొదలులో ఆనించాలి. కుడిచేతి మిగిలిన వేళ్లు ఎడమచేతిని బయటి నుంచి వదులుగా పట్టుకుంటాయి. అలా ముడిపడిన చేతులను పొత్తికడుపు ముందు ఒడిలో ఉంచాలి. నాలుక కొన పైపళ్ల వెనుక చిగురును తాకుతూ ఉండాలి. కళ్లు పూర్తిగా మూయకూడదు, రెప్పల మధ్య సన్నటి వెలుతురు గీత ఒకటి మిగలాలి, ఆ గీతలో ముక్కు కొన లీలగా కనిపిస్తే సరిపోయినట్టే. ఆ తరువాత నోటితో మూడుసార్లు మెల్లగా గాలి వదిలి, నోరు మూసి, ఇక ముక్కుతోనే.

మొదటి నాలుగైదు రోజులు వదిలే ఊపిరిని ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టడమే పని. ఒక అగరువత్తి కాలేంత సేపు, అంటే సుమారు అరగంట, ఉదయం రెండు సార్లు, సాయంత్రం ఒకసారి. మధ్యలో అంకె తప్పితే మళ్లీ ఒకటి. ఇది మనకు కొత్తది కాదు, ఆనాపానసతి, అంటే ఊపిరిని గమనించే బౌద్ధ ధ్యానం, చేసినవారికి బాగా తెలిసినదే. నాకు కష్టమైనది లెక్క కాదు, ఊపిరి జోలికి పోకుండా ఉండడం. చూడటం మొదలుపెట్టగానే దాన్ని పొడవు చేయాలని, లోతుకు దింపాలని ఒళ్లంతా ఉబలాటపడేది. గురువుగారు వెనుక నుంచి వచ్చి నా భుజం మీద రెండు వేళ్లు ఆనించేవారు, అంతే, నేను గాలిని బలవంతంగా లాగుతున్నానని నాకే తెలిసేది. పూరకం (పీల్చడం), రేచకం (వదలడం) అంటూ పెరిగిన మనకు ఊపిరిని దాని దారిన దాన్ని వదిలేయడం చాలా పెద్ద విషయమని నా గట్టి అభిప్రాయం. తావో పద్ధతి పట్ల ఆసక్తి ఉన్న తెలుగువారు ఈ ఒక్కదానికీ ముందే సిద్ధపడి వెళితే మంచిది.

కాళ్ల సంగతి కూడా చెప్పాలి. పావుగంట దాటాక తిమ్మిరెక్కేవి, ఇరవై నిమిషాలకు పాదాలు ఉన్నాయో లేవో తెలిసేది కాదు. లేచేటప్పుడు ఒక్కసారిగా నిలబడకూడదు. అరచేతులు వేడెక్కేదాకా రుద్దుకుని ముఖం తుడుచుకోవడం, వేళ్లతో తల దువ్వుకోవడం, పళ్లను మెల్లగా ముప్పయ్యారు సార్లు తాటించడం, నడుము వెనుక మూత్రపిండాల చోట రుద్దుకోవడం, చివరికి మోకాళ్లు, పిక్కలు, అరికాళ్లు మర్దనా చేసుకోవడం, ఇదంతా అయ్యేసరికి పది నిమిషాలు పడుతుంది. కూర్చున్నప్పుడు నోట్లో ఊరిన లాలాజలాన్ని ఉమ్మివేయకుండా మూడు గుక్కలుగా మింగి, ఆ మింగిన జాడ వెంటే మనసును పొట్టలోకి పంపమన్నారు. వెంటనే చన్నీళ్లు తాగకూడదు, చన్నీళ్లతో చేతులు కడగకూడదు. ఫ్లాస్కులో వేడినీళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి.

ఆడవారికి పనికివచ్చే మాట ఒకటి ఇక్కడే రాస్తున్నాను. మామూలుగా మనసును బొడ్డుకు మూడు వేళ్ల కింద, లోపలివైపు, దాన్‌తియెన్ అనే చోట నిలపమంటారు. నెలసరి రోజుల్లో అలా చేయవద్దని, రొమ్ముల నడుమ ఉన్న చోట తేలికగా ఉంచమని, లేదా ఆ రోజుల్లో ఊరికే కూర్చోమని గురువుగారి భార్య నన్ను పక్కకు పిలిచి, ఫోనులోని అనువాద యంత్రం సాయంతో ఎంతో ఓపికగా చెప్పారు. అడగకుండానే చెప్పినందుకు ఆమె మీద నాకు ఎంతో గౌరవం కలిగింది.

నవంబరు 7న వాళ్ల పంచాంగంలో శీతకాలం మొదలయ్యే రోజు వచ్చింది. ఆ రోజు నుంచి ఉదయం కూర్చునే సమయాన్ని ఏడింటికి మార్చారు. చలికాలంలో పెందలాడే పడుకుని ఎండ వచ్చాక లేవాలన్నది వాళ్ల పాత వైద్యశాస్త్రం మాట. అదే రోజు లెక్కపెట్టడం మానేసి వినడం మొదలుపెట్టమన్నారు. వినడమంటే చప్పుడు వినడం కాదు. చప్పుడు వినిపిస్తోందంటే ఊపిరి ఇంకా ముతకగా ఉందన్నమాట. తావోవారి ప్రాచీన గ్రంథమైన జువాంగ్‌జిలో చెవితో వినకు, మనసుతో విను, మనసుతోనూ వినకు, ప్రాణశక్తితో విను అని కన్ఫ్యూషియస్ తన శిష్యుడు యెన్ హువెయ్‌కి చెప్పే ఘట్టం ఉంది, ఈ పద్ధతికి ఆధారం అదే. నాకు అర్థం కాలేదని ముఖం చూసి గ్రహించి, గురువుగారు నన్ను పిల్లలున్నారా అని అడిగారు. ఉన్నారన్నాను. పక్కగదిలో పసిబిడ్డ పడుకుని ఉంటే వంట చేసుకుంటున్న తల్లి చెవి అటే ఎలా ఉంటుందో అలా ఉండమన్నారు. ఆ తరువాత నేను వేరే వివరణ అడగలేదు.

ఊపిరి ముతకదనానికి నాలుగు మెట్లు చెప్పారు: చప్పుడు చేసేది గాలి, చప్పుడు లేకపోయినా తడబడేది ఆయాసం, చప్పుడూ తడబాటూ లేకపోయినా సన్నబడనిది మూడోది, ఉందో లేదో అన్నంత సన్నగా సాగేది అసలైన శ్వాస. ఈ విభజన ఆరో శతాబ్దపు బౌద్ధాచార్యుడు జిఈ చెప్పినదని, తావోవారు దాన్ని తమదిగా చేసుకున్నారని ఆయనే చెప్పారు. నిద్రమత్తు కమ్మితే దృష్టిని ముక్కు కొనకు ఎత్తమన్నారు, ఆలోచనలు చెదిరిపోతే పొత్తికడుపుకు దించమన్నారు. భోజనం తరువాతి పూట నాకు కునుకు తప్పేది కాదు, ఆ చిట్కా చాలా ఉపయోగపడింది.

రెండో వారం మొదట్లో ఒక సాయంత్రం కూర్చున్నప్పుడు, ఏ కారణమూ లేకుండా మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న చివరి రోజుల నాటి ఊపిరి చప్పుడు గుర్తుకు వచ్చి, కన్నీళ్లు ఆగలేదు. ధ్యానంలో ఇటువంటివి సహజమని, ఓర్చుకుని కూర్చోవాలని చెబుతారేమో అనుకున్నాను. గురువుగారు వెంటనే లేపేశారు. ఆ రాత్రీ మరునాడూ కూర్చోవద్దని, పెరట్లో నడవమని, కడుపునిండా తినమని, అమ్మతో మాట్లాడమని చెప్పారు. మొదలుపెట్టినవారు దుఃఖం మీద కూర్చోకూడదట. అంతకు ముందు నేను చూసిన ధ్యాన శిబిరాలకూ దీనికీ నాకు కనిపించిన పెద్ద తేడా ఇది, నాకు ఎంతో మేలు చేసినదీ ఇదే.

అమ్మకు ఫోను చేస్తే మొదట అడిగింది తిండి సంగతే. ఉదయం బియ్యపు జావ, ఆవిరి మీద ఉడికిన రొట్టె, ఉప్పులో ఊరిన ముల్లంగి. మధ్యాహ్నం అన్నం, సోయా పనీరు, ఆకుకూరలు. అక్కడి దీక్షాపరుల వంటలో మాంసమే కాదు, ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు.

“కార్తీకమాసంలో ఉల్లి ముట్టకుండా గడుపుతున్నావన్నమాట. నాన్న ఉంటే సంతోషించేవారే” అంది అమ్మ.

ఆ విశ్రాంతి రోజునే కొండ మీదికి వెళ్లాను. ప్రవేశానికీ బస్సుకూ తీగమార్గానికీ కలిపి 330 యువాన్ల దాకా అయింది. మింగ్ వంశపు యుంగ్‌లె చక్రవర్తి 1412లో మొదలుపెట్టించిన నిర్మాణాలివి. 1,612 మీటర్ల శిఖరం మీద 1416 నాటి బంగారు పూత కంచు మందిరం ఉంది. నేను ఎక్కువసేపు గడిపింది మాత్రం కింద ఉన్న జిషియావో ఆలయంలో. సాయంత్రపు పారాయణలో తావో సన్యాసులు ఒకే గుక్కలో ఎంత పొడుగు చరణం పాడుతున్నారో గమనిస్తూ, మెట్ల మీద శాలువా కప్పుకుని కూర్చున్నాను. తిరుగుదారిలో మెట్లు ఎక్కవలసి వచ్చినచోట నోరు తెరవకుండా ఎక్కమని గురువుగారు చెప్పారు. ముక్కుతో ఊపిరి సరిపోనప్పుడు నోరు తెరవడం కాదు, నడక తగ్గించాలి.

నవంబరు 12 ప్రాంతంలో నేను ఊహించనిది ఒకటి జరిగింది. వింటూ వింటూ ఉండగా ఊపిరి సన్నబడుతూ వచ్చి, ఒకచోట అసలు ఆగిపోయిందేమో అనిపించి, భయపడి గట్టిగా గాలి లాగాను. గుండె వేగంగా కొట్టుకుంది. ఇది చాలామందికి జరుగుతుందట. ఒళ్లు నిశ్చలంగా ఉన్నప్పుడు దానికి కావలసిన గాలి తక్కువ, అది కావలసినంత తీసుకుంటూనే ఉంటుంది, మనం బిగబట్టనంత వరకు ప్రమాదం లేదు, అలాగని ఆ స్థితి మళ్లీ రావాలని వెంటపడకూడదు అని ఆ వారాంతంలో వచ్చిన నరసరావుపేట అమ్మాయి చేత గురువుగారు అనువాదం చేయించి చెప్పారు. తలలో బరువు, కణతల నొప్పి వంటివి వస్తే మనసుతో ఒత్తిడి పెడుతున్నామని గుర్తు, వెంటనే మానేసి నడవాలి.

నవంబరు 16 మధ్యాహ్నం వీడ్కోలు తీసుకున్నాను. గడ్డిచాపలాంటిదే ఒకటి 120 యువాన్లకు అక్కడే కొన్నాను. రైలు టికెట్లు రానూపోనూ సుమారు 1,050. అన్నీ కలిపితే ఆరున్నర వేల యువాన్లు, మన లెక్కలో డెబ్బై ఎనిమిది వేల రూపాయలు.

ఇంటికి వచ్చాక మొదటి నెల నిరుత్సాహంగానే గడిచింది. అపార్టుమెంటులో లిఫ్టు చప్పుడు, ఫోను, పిల్లల చదువులు, వీటి మధ్య అరగంట కుదరక రాత్రి తొమ్మిదిన్నరకు ఇరవై నిమిషాలకు తగ్గించుకున్నాను. డిసెంబరు చివరికి గానీ మార్పు తెలియలేదు. మూడింటికి మెలకువ ఇప్పటికీ చాలా రాత్రులు వస్తుంది. అయితే పడుకున్న చోటే పక్కకు తిరిగి, చేయి పొత్తికడుపు మీద వేసుకుని వినడం మొదలుపెడితే ఎక్కువ రాత్రులు మళ్లీ నిద్ర పడుతోంది. పట్టని రాత్రి కూడా ఉదయం వరకు ఆందోళన లేకుండా పడుకోగలుగుతున్నాను. ఫిబ్రవరిలో డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఈ అభ్యాసం సంగతి చెప్పాను. బిగబట్టడం లేదు కాబట్టి కొనసాగించమన్నారు.

వుదాంగ్ దాకా వెళ్లకుండా దీన్ని మొదలుపెట్టవచ్చా అని హైదరాబాదు నుంచి మా చెల్లెలు అడిగింది. బయలుదేరే రోజున నేను గురువుగారిని అడిగినదీ అదే. కుర్చీలో కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, మోకాళ్ల మీద గుడ్డ కప్పుకుని, పదిహేను నిమిషాలు వదిలే ఊపిరిని లెక్కపెట్టమని, నెల రోజులు అంతకు మించి ఏమీ చేయవద్దని, తల బరువెక్కితే ఆపేయమని ఆయన చెప్పారు. చెల్లెలికి అదే రాసి పంపాను, మొన్నటి ఆదివారం మొదలుపెట్టింది.